నేను చూడకూడని ఆట

నేను బేస్‌బాల్ అభిమానిని. సింగపూర్‌లో ఒక తెలుగువాడు ఈ మాట అంటే ఎదుటివాళ్ళు మొదట క్రికెట్ అనుకుంటారు, తరువాత జాలిపడతారు. అంతకంటే జాలిపడాల్సిన సంగతి ఇంకొకటుంది. దాన్ని మామూలుగా ఎవరికీ చెప్పను. చాలా ఏళ్ళపాటు నా అభిమానమంతా మా జట్టు ఆడుతున్నప్పుడు చూడకుండా ఉండటంలోనే గడిచింది. దేవుడి కోసం ఉపవాసం ఉన్నవాళ్ళు ఉంటారు. దేవుడి క్షేమం కోరి గుడి మొహం చూడనివాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

ఈ ఆటను నాకు అంటించినవాడు మా బావ. బావంటే చుట్టరికం ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లెమెంటిలో ఒక చైనా ఆంటీ ఫ్లాట్‌లో ఒకే గదిని ఇద్దరం పంచుకున్నాం. నాది నెల్లూరు వైపు, ఆయనది గుంటూరు వైపు. మొదటిరోజు నా పెట్టెకు చోటిస్తూ "రా బావా, ఇట్టా పెట్టుకో" అన్నాడు. పెట్టె తరువాత చాలా ఇళ్ళు మారింది, పిలుపు మారలేదు.

ఆయన అమెరికాలో ఎమ్మెస్ చేశాడు. అక్కడ ఉండిపోవడానికి కావలసిన వీసా లాటరీలో తగల్లేదు. మంచం, కుర్చీలు, వంటగిన్నెలు అక్కడి స్నేహితులకు పంచిపెట్టి, ఆ ఊరి జట్టును మాత్రం వెంట తెచ్చుకున్నాడు. పెద్ద చెరువు లాంటి సరస్సు ఒడ్డున ఉంటుందట ఆ ఊరు. ఊరి పేరూ జట్టు పేరూ ఇక్కడ రాయను. మేమిద్దరం ఉన్నామని వాళ్ళకు ఎన్నడూ తెలియదు, ఇప్పుడు తెలిసినా ప్రయోజనం లేదు.

"మన బిళ్ళంగోడుకీ క్రికెట్‌కీ పుట్టి, మేనమామ ఇంట్లో గారాబంగా పెరిగిన పిల్ల అనుకో" అని ఆట గురించి చెప్పాడు. బంతిని కొట్టి, మూడు మజిలీలు తిరిగి, బయల్దేరిన చోటికే వస్తే ఒక పరుగు. అంత కష్టపడి ఉన్నచోటికే రావడం ఎందుకని అడిగాను. "నువ్వు చేసే ఉద్యోగం కూడా అదేగా" అన్నాడు. ఆ మాటతో ఆట అర్థమైపోయింది.

మా జట్టు ఎక్కువగా ఓడేది. వర్క్ పాసు మీద బతికే మాకు ఈ దేశంలో ఓటు లేదు, ఆ దేశంలోనూ లేదు. ఓటమి మాత్రం రెండుచోట్లా అందుబాటులో ఉండేది.

వాళ్ళ శనివారం రాత్రి ఆట మనకు ఆదివారం పొద్దున కాఫీ వేళకు వస్తుంది. అలాంటి ఒక ఆదివారం బావ మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చూస్తున్నాడు. అరుదుగా జరిగే విషయం, మా వాళ్ళు ముందున్నారు. నేను స్నానం చేసి తువ్వాలుతో వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. మరుసటి బంతినే ఎదుటివాడు ఒకడు స్టేడియం అవతలి చీకట్లోకి కొట్టాడు. బావ నా మొహం వంక చూడలేదు. నా పాదాల వంక చూశాడు.

"లే బావా."

"ఎందుకు?"

"లెమ్మంటున్నాగా. కారిడార్‌లో నిలబడు."

"తువ్వాలు మీదున్నాను."

"జట్టు పోతుంటే నీ తువ్వాలు గొడవేంది? పో!"

పోయాను. ఎదురింటి అంకుల్ మొక్కలకు నీళ్ళు పోస్తూ నన్ను చూసి చటుక్కున తల తిప్పుకున్నాడు. లోపల మాత్రం మా వాళ్ళు మళ్ళీ ముందుకు వచ్చి, గెలిచేశారు. ఆ వేళ నుంచి నాది ఐరన్ లెగ్గు.

సినిమావాళ్ళు తెలుగుకిచ్చిన కానుకల్లో ఇదొకటి. కాలు పెట్టినచోట సినిమా ఆడితే గోల్డెన్ లెగ్, ఆడకపోతే ఐరన్. ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. మా జట్టు ఆడలేనప్పుడల్లా ఆ ఓడు నా కాలిదైంది. నేనూ దాన్ని కాదనలేదు. జట్టుతో నాకున్న ఒకే ఒక్క సంబంధం అది. మిగతా అభిమానులు చప్పట్లు కొట్టి ఏమీ మార్చలేరు, నేను మాత్రం సోఫాలో కూర్చుని ఆటను తారుమారు చేయగలను. లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

పెళ్ళిళ్ళయ్యాయి. నేను బుకిట్ పంజాంగ్‌లో, ఆయన సెంగ్‌కాంగ్‌లో ఇళ్ళు తీసుకున్నాం. సింగపూర్ చిన్న దేశమంటారు గానీ, బుకిట్ పంజాంగ్ నుంచి సెంగ్‌కాంగ్ వెళ్ళేవాడికి ఆ మాట నమ్మబుద్ధి కాదు. అంత దూరంలో ఉన్నా నిషేధం పోలేదు. ఆట నడుస్తుండగా చూడకూడదు. ఫలితం తేలాక, సాయంత్రం బస్సులో, రికార్డింగ్ చూసుకోవచ్చు. మా జట్టు నేను చూడకపోయినా ఓడేది. అప్పుడు ఫోన్ వచ్చేది.

"చూశావా?"

"లేదు బావా, మీటింగ్‌లో ఉన్నా."

"మీటింగ్‌లో స్కోరు చూశావా?"

"స్కోరు... ఒక్కసారి."

"అదీ! ఎందుకు చూశావ్? కన్నూ కాలూ ఒకే ఒంటికి ఉంటాయా, లేదా?"

ఒకసారి కంపెనీ వాళ్ళు అందరికీ రక్తపరీక్షలు చేయించారు. నాకు ఐరన్ తక్కువగా ఉందని వచ్చింది. మా ఆవిడ ఆ కాగితం చూసి, "ఉన్నదంతా కాల్లోకి దిగిపోయి ఉంటుంది" అంది. బావకు చెబితే దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆయన భార్యను నేను చెల్లెమ్మ అంటాను, ఆమె నన్ను అన్నయ్యా అంటుంది. ఆమె కూడా నవ్వింది. వాళ్ళ ఇంటికి భోజనానికి వెళితే, ఆట ఉన్న పూట నాకు వంటింటి పక్కన కుర్చీ వేసేది. "అన్నయ్యా, మీరిక్కడ కూర్చుని వెల్లుల్లి వలవండి. అక్కడికెళితే ఆయన నాకు అన్నం పెట్టనివ్వరు." అదంతా ఆట. అందరికీ ఆటేనని తెలుసు.

తరువాతి కథలో నవ్వు తక్కువ.

బావ కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. మా బావకు లోకం మామూలుగానే కనబడింది, ఆయన్ని చూసినవాళ్ళకే భయమేసింది. చెల్లెమ్మ తమ పాపను స్కూలు నుంచి తేవాలి కాబట్టి మొదటి స్కాన్‌కు నేను తోడు వెళ్ళాను. కాలేయంలో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ రోజున ఆమె పక్కన ఆసుపత్రిలో కూర్చున్నది కూడా నేనే. డాక్టర్ అనుకున్నదానికంటే ముందే బయటికి వచ్చాడు. తొందరగా అయిపోయిందని మేము సంతోషించబోయాం. తెరిచి చూశామనీ, తీయడానికి వీల్లేకుండా ఉందనీ, మందులతో చూద్దామనీ చెప్పాడు.

మందులు మొదలయ్యాయి. చెల్లెమ్మ ఉద్యోగం మానేసింది. అంతకుముందు ఒక బ్యాంకులో రిస్కు చూసే విభాగంలో పనిచేసేది. ఎక్కడ నష్టం వచ్చే ప్రమాదముందో ముందే పసిగట్టి అడ్డుకట్ట వేయడం ఆమె పని. తరువాతి స్కాన్ నాటికి నేను ఆఫీసు పని మీద జకార్తాలో ఉన్నాను. గడ్డ తగ్గిందని వచ్చింది. హోటల్ గదిలో ఒక్కణ్ణే గంతులేశాను.

తిరిగొచ్చిన వారం, మా ఆవిడ చేసిచ్చిన బీరకాయ పచ్చడి డబ్బా పట్టుకుని సెంగ్‌కాంగ్ వెళ్ళాను. చెల్లెమ్మ వాళ్ళ బ్లాక్ కింద, పైన ఇళ్ళుండి కింద ఖాళీగా వదిలేసిన చావడిలో, నా కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. పాప కాస్త దూరంగా స్కూటర్ తొక్కుకుంటోంది.

"పైకి వద్దన్నయ్యా. ఇక్కడే మాట్లాడుకుందాం."

"బావ నిద్రపోతున్నాడా?"

"లేదు, మెలకువగానే ఉన్నారు." ఆమె డబ్బా వంక చూసింది, నా వంక చూడలేదు. "మీరేం అనుకోకండి. వేరే ఎవరైనా అయితే ఏదో ఒక అబద్ధం చెప్పి పంపేదాన్ని. మీరు నాకు సొంత అన్నయ్యకంటే ఎక్కువ కాబట్టి చెబుతున్నా."

"చెప్పమ్మా."

"మొదటి స్కాన్‌కి మీరొచ్చారు. ఆపరేషన్‌కి మీరొచ్చారు. మొన్న మీరు జకార్తాలో ఉన్నారు."

పాప మా చుట్టూ ఒక చుట్టు తిరిగి వెళ్ళింది.

"నేను చదువుకున్నదాన్నే అన్నయ్యా. ఇది పిచ్చని నాకు తెలీదనుకుంటున్నారా? నేను పిచ్చిదాన్నయితే ఆయన బతుకుతారంటే, ఆ పిచ్చే నాకు కావాలి."

"సరేనమ్మా" అన్నాను. "బావకేం చెబుతావు?"

"ఆఫీసులో పనెక్కువైందని చెబుతా. మీరూ అదే చెప్పండి."

పచ్చడి డబ్బా మాత్రం తీసుకుంది. పచ్చడి మా ఆవిడ చేతిది, నా కాలిది కాదు.

ట్రైన్‌లో తిరిగి వస్తూ కోపం తెచ్చుకోవడానికి గట్టిగానే ప్రయత్నించాను. రాలేదు. కోపం రావాలంటే ఆమె అన్నది తప్పని నాకు ముందు గట్టి నమ్మకం ఉండాలి. ఇన్నేళ్ళు కారిడార్లలో నిలబడి, వెల్లుల్లి ఒలిచి, ఫోన్ బోర్లించి పెట్టి, నేను ఆ నమ్మకాన్ని ఎప్పుడో పోగొట్టుకున్నాను. నా కాలికీ ఆయన కాలేయానికీ సంబంధమేమిటని మనసులో ఎన్నిసార్లు అడిగినా, లేదని జవాబు వచ్చేది గానీ కాస్త ఆలస్యంగా వచ్చేది.

ఆ సీజన్‌లోనే మా జట్టు గెలవడం మొదలుపెట్టింది.

దానికి నేను సిద్ధంగా లేను. ఓటమితో ఎలా బతకాలో మాకు తెలుసు, గెలుపును ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆట మీద ఆట గెలుస్తున్నారు. అటు బావకు మందు పనిచేస్తోంది. నేను ఎంత దూరంగా ఉంటే అంత మంచి జరుగుతోంది. స్నేహితుడికి చేయగల మహోపకారం వాడి మొహం చూడకుండా ఉండటమేనని తేలితే మనిషి ఏం కావాలి? పొద్దున ఆఫీసుకు వెళుతూ, ఆట నడుస్తోందని తెలిసి, ఫోన్‌ను బ్యాగు అడుగున దోపి, కిటికీలోంచి ఫ్లాట్లను చూస్తూ కూర్చునేవాణ్ణి. జట్టు కోసం చూడకపోవడం, బావ కోసం వెళ్ళకపోవడం, రెండూ కలిసి ఒకే వ్రతమైపోయాయి.

ఆయన నుంచి మెసేజ్‌లు వచ్చేవి. మొదట్లో హుషారుగా ఉండేవి. "గెలిచాం! నువ్వు చూడ్లేదు కదా? శభాష్!" తరువాత చిన్నవయ్యాయి. "ఈ వారం కూడా రావా?" ఆ తరువాత ఒకరోజు: "మేనేజర్‌వి అయిపోయావంటగా బావా. పెద్దోడివి. మేమేం గుర్తుంటాంలే."

నేను నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టాను. అంతకంటే అబద్ధమైన బొమ్మను ఎవరూ ఎవరికీ పంపి ఉండరు.

మా ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. "జబ్బుమనిషి వాకిలి వంక చూస్తూ పడుకుంటాడండీ. ఆయన జట్టును మీరు గెలిపిస్తున్నారా? ఆయన మాత్రం మీరు వదిలేశారనే అనుకుంటాడు."

"చెల్లెమ్మకు మాటిచ్చాను."

"మాటిచ్చారు సరే, మనిషినెవరిస్తారు?"

చెల్లెమ్మ భయపడినట్టు నేను వెళ్ళాకే ఏదైనా జరిగితే, ఆ తరువాత ఆమె మొహం ఎలా చూడాలి? వెళ్ళకపోతే బావను పోగొట్టుకుంటాను, వెళితే బావనే పోగొట్టుకుంటానేమో. ఈ లెక్క ఎటునుంచి కూడినా మిగిలేది ఒకటే.

గుట్టు బయటపెట్టింది పాప. స్కూలు నుంచి వచ్చి షూ విప్పుకుంటుంటే బావ అడిగాడట, "అంకుల్ మనల్ని మర్చిపోయాడు చూశావా, ఎప్పుడూ బిజీయే" అని. ఆ పిల్ల షూ లేసుల మీంచి తల ఎత్తకుండానే అందట: "అంకుల్ నాట్ బిజీ లా, డాడీ. మమ్మీ సెడ్ హిజ్ లెగ్ వెరీ స్వే. కెనాట్ కమ్." 'లా' ఇక్కడి ఇంగ్లీషుకు ఉండే తోక, స్వే ఇక్కడి చైనావాళ్ళ మాట. దరిద్రం, పీడ అని. మన ఐరన్ లెగ్‌ను ఆ పిల్ల సింగపూర్ భాషలోకి శుభ్రంగా దింపేసింది.

ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. గొంతు సన్నగా, గాలి ఎక్కువగా ఉంది.

"బావా, నీ కాళ్ళు రెండూ ఉన్నాయా?"

"ఉన్నాయి బావా."

"అయితే వాటి మీద నడిచి రేపు పొద్దున ఇక్కడికి రా."

"రేపు ఆట కదా." నిజంగానే పెద్ద ఆట. మా జట్టు ఎన్నడూ లేనిది సీజన్ చివరి పోటీల్లోకి వెళ్ళింది. రేపు గెలిస్తే పై మెట్టు, ఓడితే ఇంటికి. "నేనొస్తే..."

"ఆట కాబట్టే రమ్మంటున్నా."

"ఓడిపోతే సీజనైపోతుంది."

"అయిపోనీరా. జట్టుకేం, వచ్చే ఏడు కూడా ఉంటుంది."

ఫోన్ పెట్టేశాడు.

పొద్దున్నే బయల్దేరాను. చెల్లెమ్మ తలుపు తీసింది. రమ్మనలేదు, వద్దనలేదు. పక్కకు జరిగింది. సోఫాలో బావను చూసి నేను మొహం సర్దుకునేలోపే ఆయన నా మొహం చూసేశాడు. "ఏం, అంత బాలేనా? నీకంటే బానే ఉన్నాలే, పొట్ట తగ్గింది" అన్నాడు. పొట్ట తగ్గలేదు, నీరు చేరి ఉబ్బింది. మిగతా మనిషే తగ్గిపోయాడు.

"టీవీకి ఎదురుగా కూర్చో. ఆ కాళ్ళు చాపు. ఇంకా. ఆ, టీవీ వైపు."

"బావా..."

"చాపమన్నానా!"

కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. చెల్లెమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆమెకు ఆట తెలియదు, టీవీ వంక చూడటం లేదు కూడా. మా వాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. ఏళ్ళ తరువాత నడుస్తున్న ఆటను నేను కళ్ళారా చూస్తున్నాను, ఏమీ కనబడటం లేదు. నా బొటనవేళ్ళే కనబడుతున్నాయి. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఎదుటివాళ్ళు మూడు మజిలీల మీదా మనుషుల్ని నిలబెట్టారు. ఇంకొక్కడు అవుటైతే ఆట మాది, ఒక మంచి దెబ్బ తగిలితే అంతా పోతుంది. నేను లేవబోయాను. బావ నా మోచేయి పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు, పసిపిల్ల పట్టుకున్నట్టు ఉంది. విడిపించుకోవడం చాలా తేలిక. అందుకే విడిపించుకోలేకపోయాను.

దెబ్బ తగిలింది. బంతి పైకి, చాలా పైకి లేచింది. మా వాడొకడు వెనక్కి పరిగెత్తి, గోడకు వీపు ఆనించి, అందుకున్నాడు.

బావ అరవలేదు. ఊపిరి వదిలి, తల సోఫాకు ఆనించి, "చూశావా" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. పాప గది మధ్యలో గెంతుతోంది. చెల్లెమ్మ గుమ్మం వదిలి వచ్చింది.

"అయిపోయిందా? గెలిచినట్టేనా?"

"గెలిచారమ్మా."

"మీరు మొదట్నుంచీ ఇక్కడే ఉన్నారు కదూ?"

"ఇక్కడే ఉన్నాను."

ఆమె నా కాళ్ళ వంక చాలాసేపు చూసింది. తరువాత, "కాఫీ ఇస్తానుండండి అన్నయ్యా" అని లోపలికి వెళ్ళింది. వంటింట్లోంచి అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. అది పొయ్యికి కాదు, దేవుడి దగ్గరికి.

నేను వెళుతున్నప్పుడు వాకిట్లో చెప్పుల స్టాండ్ దగ్గరికి వచ్చింది. మొహం వెలుగుతోంది. అంతకుముందు చాలా నెలలుగా ఆ వెలుగు చూడలేదు.

"ఈ వారంలోనే స్కాన్ ఉంది. మీరూ రావాలి."

"వద్దులేమ్మా."

"రావాలన్నయ్యా. మీరుంటేనే మంచి జరిగింది. ఇవాళ కళ్ళతో చూశాగా."

గెలిచిన సంతోషమంతా ఆ చెప్పుల దగ్గరే ఆవిరైంది. ఇంతకాలం నన్ను వాకిట్లో ఆపిన నమ్మకమే ఇప్పుడు చెయ్యి పట్టి లోపలికి లాగుతోంది. ఇటునుంచి చూసినా అటునుంచి చూసినా అది అదే నమ్మకం. రానంటే, చేయగలిగిన మంచిని చేయనన్నట్టు అవుతుంది. వస్తే ఏం మోసుకెళుతున్నానో నాకు తెలియదు. వస్తానన్నాను.

స్కాన్ చెప్పే డాక్టర్ చిన్నవాడు, మంచివాడు. కంప్యూటర్ తెరను మా వైపు తిప్పకుండా మాట్లాడటం మొదలుపెట్టినప్పుడే నాకు అర్థమైంది. మందు పనిచేయడం మానేసిందన్నాడు. ఇకమీదట నొప్పి లేకుండా చూసుకోవడం గురించి మాట్లాడుకుందామన్నాడు. బావ అన్నీ విని, "థ్యాంక్యూ డాక్టర్" అన్నాడు, ఎవరో లిఫ్ట్ ఆపి పట్టుకున్నందుకు చెప్పినట్టు. నర్సు ఆయన్ని చక్రాల కుర్చీలో రక్తపరీక్షకు తీసుకువెళ్ళింది.

బయట కారిడార్‌లో చెల్లెమ్మా నేనూ ప్లాస్టిక్ కుర్చీల్లో మిగిలాం. ఎదుటి గోడ మీద తెరలో వరుస సంఖ్యలు మారుతున్నాయి. ఆమె ఏదైనా అంటుందని ఎదురుచూశాను. తిడితే పడాలని నిశ్చయించుకున్నాను. తిట్టు పడటం నాకు అలవాటే, ఎన్ని ఓటములు మోశాను! ఆమె తిట్టలేదు. చీర కొంగుతో కాదు, చున్నీతో కాదు, చేతిలో ఉన్న వరుస సంఖ్య చీటీని మడిచి దాని అంచుతో కన్ను ఒత్తుకుంది.

"అన్నయ్యా."

"చెప్పమ్మా."

"ఇక రోజూ రండి. ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రండి." గొంతులో కోపం లేదు, ఏడుపు కూడా లేదు. "ఇంకేం చెడాలి గనక."

నాకు కావలసిన అనుమతి దొరికింది. దాన్ని ఇన్నాళ్ళూ ఎంతగా కోరుకున్నానో నాకు తెలుసు. ఆ కుర్చీలో కూర్చుని, అది దొరకని రోజులే తిరిగి రావాలని కోరుకున్నాను.

ఆఫీసులో సెలవు అడిగి, ఇంటినుంచి పని చేస్తానని ఒప్పించి, రోజూ వెళ్ళాను. ఆ తరువాతి పోటీలో మా జట్టు ఓడి ఇంటికి వెళ్ళింది. నేను చూస్తుండగానే ఓడింది. బావ నిద్రలో ఉన్నాడు. లేచాక చెబితే, "మొత్తానికి నీ పరువు నిలబెట్టుకున్నావు" అన్నాడు. ఆ రోజు నవ్వడానికి కూడా ఆయన పక్కకు ఒత్తిగిల్లాల్సి వచ్చింది.

సీజన్ అయిపోతే అక్కడ చలికాలం. మాకు ఇక్కడ చలికాలమూ లేదు, ఆటలూ లేవు. అన్నేళ్ళ స్నేహంలో మేమిద్దరం జట్టు గురించి తప్ప ఎంత తక్కువ మాట్లాడుకున్నామో అప్పుడు తెలిసింది. చావు గురించి మాట్లాడదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియదు. ఒకరోజు ఆయనే అన్నాడు, "పాత ఆటలు పెట్టు బావా." గెలిచిన ఆట ఒకటి వెతకబోయాను. "గెలిచినవి కాదు. ఓడినవి పెట్టు. ముందే తెలిసిన ఓటమైతే ఎవరి మీదా నింద పడదు."

అలా మా జట్టు ఓడిన ఆటలన్నీ వరుసగా చూశాం. కొరత లేదు. కొన్నింటికి నేను కారిడార్‌లో నిలబడ్డాను, కొన్నింటికి వెల్లుల్లి ఒలిచాను. ఇప్పుడు ఒక్కొక్కటీ ఎలా ఓడిందో తీరిగ్గా చూశాను. పట్టాల్సిన బంతి వదిలేశారు, విసరకూడనిచోట విసిరారు. ఎక్కడా నా కాలు కనబడలేదు. బావ సగంలో నిద్రపోయేవాడు. పాప స్కూలు నుంచి వచ్చి నా పక్కన కూర్చుని, "అంకుల్, దే లూజ్ అగైన్ ఆ?" అనేది. చెల్లెమ్మ మందుల వేళకు వచ్చి, టీవీ గొంతు తగ్గించి, ఆయన నుదురు తడిమి వెళ్ళేది.

కొత్త సీజన్ మొదలుకాకముందే ఆయన పోయాడు. మధ్యాహ్నం పూట పోయాడు. చెల్లెమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఉంది, నేను ఆయన కాళ్ళ దగ్గర ఉన్నాను. ఆ విషయం గురించి ఇంతకంటే రాయలేను.

బ్యాంకు ఉద్యోగం మానేశాక చెల్లెమ్మ ఇక్కడుండే పాసు భర్త ఉద్యోగం మీద ఆధారపడినది. ఉద్యోగం చేసే మనిషి లేకపోతే పాసూ లేదు. మళ్ళీ ఉద్యోగం వెతుక్కునే ఓపిక తనకు లేదంది. గుంటూరులో అక్క దగ్గరికి వెళ్ళిపోతానంది. ఇల్లు ఖాళీ చేయడానికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. టీవీ ఎవరికో ఇచ్చేశాం. ఆయన టోపీ, జట్టు గుర్తు ఉన్నది, పాప తలకు పెట్టుకుంది. కళ్ళదాకా జారుతోంది.

ప్రయాణం రోజు పొద్దున పెట్టెలన్నీ కిందికి దింపేశాం. మన ఇళ్ళల్లో ఎంత దూరం వచ్చినా పోని అలవాటు ఒకటుంది. ఎవరైనా ప్రయాణానికి బయల్దేరుతుంటే మంచి శకునం కోసం ఒక మనిషిని ఎదురు రమ్మంటారు. మామూలుగా ముత్తైదువను. మా ఆవిడ అందుకు ముందుగానే తయారై, బొట్టు సరిచేసుకుని, కారిడార్ చివర లిఫ్ట్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను వాళ్ళ దారికి అడ్డం రాకుండా, అలవాటు చొప్పున, మెట్ల వైపు తప్పుకున్నాను.

చెల్లెమ్మ గుమ్మంలో ఆగింది. బొట్టు లేని ఆమె మొహాన్ని సరిగ్గా చూడటం నాకు ఇంకా అలవాటు కాలేదు.

"వదినా, మీరు ఉండండి" అని మా ఆవిడతో అంది. తరువాత నన్ను వెతికి చూసింది. "అన్నయ్యా, మీరు ఎదురు రండి."

"నేనేంటమ్మా, మీ వదిన ఉందిగా."

"మీరే రండి."

"అమ్మా, దూరప్రయాణం. పాపతో వెళుతున్నావు..."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

మా ఆవిడ గోడ వైపు జరిగి నాకు చోటిచ్చింది. లిఫ్ట్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. కారిడార్ అంత పొడుగ్గా ఎన్నడూ లేదు. ఒక పక్క ఎవరివో ఆరేసిన బట్టలు, ఇంకో పక్క సైకిలు, కుండీలు. కాళ్ళు ఎలా వేయాలో తెలియలేదు. ఏ కాలు ముందు పెట్టాలో ఆలోచించి, మరిచిపోయి, నడిచాను. పాప టోపీ పైకెత్తి, "ఫాస్టర్ లా అంకుల్, టాక్సీ వెయిటింగ్" అంది.

నేను దగ్గరికి వచ్చేదాకా చెల్లెమ్మ గుమ్మంలోనే నిలబడింది. నా మొహమే చూసింది. అప్పుడు పాప చెయ్యి పట్టుకుని, గడప దాటి, నన్ను తాకుతూ పక్కనుంచి లిఫ్ట్ వైపు వెళ్ళింది.